చేరినందుకు దొరికేది, చేరినందుకు చెల్లించేది
అమెరికా కాలేజీ ఫ్రెటర్నిటీల గురించి కొన్ని ఆలోచనలు

(మహిళా సంఘాల కార్యకర్తల కోసం హైదరాబాద్‌లో జరిగిన రెండు రోజుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన అంశం 'విద్యాసంస్థల్లో హింస – మౌనం'. ర్యాగింగ్ గురించి, లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీల గురించి నిన్నంతా మీరు వివరంగా మాట్లాడుకున్నారు. నేను కొంచెం పక్కదారి నుంచి వస్తాను. అమెరికా కాలేజీల్లో ఉండే ఫ్రెటర్నిటీలు, సొరోరిటీలు అనే సంఘాల గురించి మాట్లాడతాను. మన హాస్టళ్లలో, మన బస్తీల్లో ఇన్ని సమస్యలుండగా అమెరికా పిల్లల క్లబ్బుల గొడవ మనకెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది.

నాలుగేళ్ల కిందట మా అక్క కూతురు ఫోన్ చేసి "పిన్నీ, నన్ను తీసుకున్నారు" అంది. ఉద్యోగంలోకేమో అనుకున్నాను. కాదు. తను చదివే యూనివర్సిటీలో దక్షిణాసియా అమ్మాయిల సొరోరిటీ ఒకటి తనను చేరమని పిలిచింది. అంత సంతోషం ఆ పిల్ల గొంతులో నేను అంతకుముందు వినలేదు. అక్కడే పుట్టి పెరిగింది. బడిలో పన్నెండేళ్లపాటు ఒక్క టీచరూ తన పేరు సరిగ్గా పలకలేదు. మొదటిసారి గదినిండా తనలాంటి వాళ్లు కనిపించారు. "నాకు ఒకేసారి ఇరవై మంది అక్కలు దొరికారు పిన్నీ" అంది.

ఏడాదిన్నర తర్వాత అదే పిల్ల మళ్లీ ఫోన్ చేసి ఏడ్చింది. ఆ రెండు ఫోన్ల మధ్య ఏం జరిగిందో అర్థం చేసుకోవడానికి నేను చదివినవీ, అంతకుముందు ఒక విద్యాసంవత్సరం అమెరికాలో ఉన్నప్పుడు చూసినవీ కలిపి మీ ముందు పెడుతున్నాను. తన అనుమతితోనే చెబుతున్నాను. ఊరు, సంఘం పేరు మాత్రం చెప్పను.

ఈ సంఘాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

గ్రీకు అక్షరాలను పేరుగా పెట్టుకున్న మొదటి విద్యార్థి సంఘం ఫై బీటా కాపా. 1776 డిసెంబరులో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో మొదలైంది. అధ్యాపకుల కంట పడకుండా కలుసుకొని, నచ్చిన విషయాల మీద వాదించుకోవడానికి కుర్రవాళ్లు పెట్టుకున్న రహస్య సంఘం అది. ఇవాళ మనం ఫ్రెటర్నిటీ అంటున్న రూపం 1825లో, న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో కాపా ఆల్ఫా సొసైటీతో మొదలైంది. రహస్య ప్రమాణం, బ్యాడ్జి, ప్రత్యేకమైన కరచాలనం, తర్వాత తర్వాత సొంత ఇల్లు – ఇవన్నీ క్రమంగా వచ్చి చేరాయి. తెల్లజాతి, ప్రొటెస్టెంట్, డబ్బున్న కుటుంబాల మగపిల్లల సంఘాలివి. చరిత్రకారుడు నికొలస్ సైరెట్ 2009లో రాసిన పుస్తకంలో ఈ సంఘాల్లో 'మగతనం' అనే మాటకు అర్థం ఎలా మారుతూ వచ్చిందో చూపించాడు. పందొమ్మిదో శతాబ్దంలో వక్తృత్వం, పాండిత్యం మగతనానికి గుర్తులు. ఇరవయ్యో శతాబ్దానికి ఆ స్థానంలోకి ఆటలు, తాగుడు, ఎంతమంది ఆడపిల్లలను 'గెలిచారు' అన్న లెక్క వచ్చి కూర్చున్నాయి.

బయట నిలబెట్టినవాళ్లు ఊరుకోలేదు. ఇండియానాలోని ఆస్బరీ యూనివర్సిటీ ఆడపిల్లలకు తలుపులు తెరిచిన కొద్ది కాలానికే, 1870లో, అక్కడ కాపా ఆల్ఫా తీటా ఏర్పడింది. ఆ సంఘం చెప్పుకునే చరిత్ర ప్రకారం, బెట్టీ లాక్ అనే విద్యార్థినికి ఒక మగపిల్లల ఫ్రెటర్నిటీ తమ బ్యాడ్జి పెట్టుకోమని ఇవ్వజూపింది, సభ్యత్వం మాత్రం ఇవ్వనంది. అలంకారంగా ఉండమంటే ఆమె ఒప్పుకోలేదు, స్నేహితురాళ్లతో కలిసి సొంత సంఘం పెట్టుకుంది. అప్పటికి సొరోరిటీ అనే మాటే లేదు. తర్వాత సిరక్యూస్‌లో ఒక లాటిన్ అధ్యాపకుడు ఆ మాట పుట్టించాడు.

నల్లజాతి విద్యార్థులు 1906లో కార్నెల్‌లో ఆల్ఫా ఫై ఆల్ఫా పెట్టుకున్నారు. 1908లో వాషింగ్టన్‌లోని హోవార్డ్ యూనివర్సిటీలో నల్లజాతి స్త్రీలు ఆల్ఫా కాపా ఆల్ఫా స్థాపించారు. 1913 జనవరిలో అదే యూనివర్సిటీలో 22 మంది విద్యార్థినులు డెల్టా సిగ్మా తీటా ఏర్పాటు చేశారు. రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 3న వాషింగ్టన్ వీధుల్లో స్త్రీల ఓటుహక్కు ఊరేగింపులో నడిచారు. అది వాళ్ల మొదటి బహిరంగ కార్యక్రమం. కాబట్టి ఈ సంఘాలన్నీ ఒకే గాటన కట్టదగ్గవి కావు. అధికారాన్ని తమలో తాము పంచుకోవడానికి కొన్ని పుట్టాయి. అధికారం అందని వాళ్లు ఒకరికొకరు ఆసరాగా నిలవడానికి మరికొన్ని పుట్టాయి.

మన పిల్లల సంఘాలు ఈ రెండో కోవలోవి. 1965 వలస చట్టం తర్వాత అమెరికా వెళ్లిన డాక్టర్ల, ఇంజనీర్ల పిల్లలు తర్వాతి తరంలో కాలేజీలకు వచ్చారు. 1996లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో సిగ్మా బీటా రో, 1998లో ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో మగపిల్లలకు డెల్టా ఎప్సిలాన్ సై, ఆడపిల్లలకు కాపా ఫై గామా మొదలయ్యాయి. గుంటూరు, నల్గొండ, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన కుటుంబాల పిల్లలూ ఇలాంటి సంఘాల్లో ఉన్నారు. నేనక్కడ ఉన్నప్పుడు కొందరిని కలిశాను.

ఏం దొరుకుతుంది?

దొరికేదాన్ని తక్కువ చేసి చూడకూడదు. మనం సాధారణంగా అక్కడే పొరపాటు పడతాం. పిల్లలు మోసపోయి చేరుతున్నారనుకుంటాం. ముప్పై, నలభై వేలమంది చదివే యూనివర్సిటీలో పద్దెనిమిదేళ్ల పిల్ల ఒక్కతే దిగుతుంది. జ్వరమొస్తే చూసేవాళ్లు లేరు. పండగనాడు కలిసి తినేవాళ్లు లేరు. అలాంటప్పుడు ఒక సంఘం 'నువ్వు మాదానివి' అంటుంది. చదువులో సాయం చేసే సీనియర్, ఉండడానికి ఇల్లు, పాత పరీక్ష పేపర్లు, వేసవిలో పని చేయడానికి ఒక చోటు – అన్నీ ఒక్క తలుపు వెనక దొరుకుతాయి.

చదువయ్యాక దొరికేది ఇంకా ఎక్కువ. 2014లో గ్యాలప్, పర్డ్యూ యూనివర్సిటీ కలిసి పట్టభద్రుల మీద చేసిన సర్వేలో, ఈ సంఘాల్లో ఉండి వచ్చినవాళ్లలో 43 శాతం తమ ఉద్యోగంలో మనసుపెట్టి పనిచేస్తున్నట్టు తేలింది. మిగతావాళ్లలో అది 38 శాతం. అంతకంటే నన్ను ఆలోచింపజేసింది ఈశాన్య అమెరికాలోని ఒక కాలేజీ పూర్వ విద్యార్థుల మీద కొందరు ఆర్థికశాస్త్రవేత్తలు చేసిన అధ్యయనం. ఫ్రెటర్నిటీలో చేరిన మగపిల్లల మార్కులు నాలుగు పాయింట్ల లెక్కలో పావు పాయింటు తగ్గాయి. తర్వాతి సంపాదన మాత్రం సుమారు 36 శాతం పెరిగింది. చదువు తగ్గింది, జీతం పెరిగింది! మరి ఆ జీతం దేనికిస్తున్నట్టు? ఎవరెవరు తెలుసో దానికి. అదే అక్షరాల ఉంగరం పెట్టుకున్న పెద్దమనిషి ఇంటర్వ్యూ బల్లకు అవతల కూర్చొని ఉంటాడు.

ఇది మనకు కొత్త కాదు. మనం 'మనవాళ్లు' అంటాం. ఉద్యోగానికి, పెళ్లి సంబంధానికి, హైదరాబాద్‌లో అద్దె ఇంటికి మన దగ్గర 'మనవాళ్లు' చేసే పనే అక్కడ ఫ్రెటర్నిటీ చేస్తుంది. తేడా ఒకటుంది. కులంలో పుడతాం, ఫ్రెటర్నిటీలో చేరతాం. అయితే చేరే హక్కు ఎవరికుందో అక్కడా పుట్టుకే చాలావరకు నిర్ణయిస్తూ వచ్చింది. అలబామా యూనివర్సిటీలో తెల్లజాతి సొరోరిటీలు మంచి మార్కులున్న నల్లజాతి అమ్మాయిలను ఎలా తిప్పి పంపుతున్నాయో అక్కడి విద్యార్థుల పత్రిక 2013 సెప్టెంబరులో బయటపెట్టింది. సంఘాల లోపలి అమ్మాయిలే కొందరు ఆ విషయం పైకి చెప్పారు. తీసుకుందామని తాము అనుకున్నా, పూర్వ విద్యార్థినులు అడ్డుపడ్డారన్నారు. ఆ కథనం వచ్చాక, పెద్ద గొడవ జరిగాకే తలుపులు కొంచెం తెరుచుకున్నాయి.

ఏం చెల్లించాలి?

డబ్బు సంగతి వదిలేస్తాను. చందాలు, బట్టలు, పార్టీలు, జరిమానాలు అని పెద్ద యూనివర్సిటీల్లో ఏడాదికి వేల డాలర్లు అవుతాయి. అసలు ఖరీదు అది కాదు.

చేరమని పిలుపు వచ్చాక కొన్ని వారాలపాటు కొత్తవాళ్లను పరీక్షిస్తారు. ఆ పరీక్షలో అవమానం, దెబ్బలు, బలవంతపు తాగుడు ఉంటే దాన్ని హేజింగ్ అంటారు. మన ర్యాగింగ్‌కు దగ్గరి చుట్టం. అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. ర్యాగింగ్‌ను మన పిల్లలు అడగరు. హేజింగ్‌లోకి అక్కడి పిల్లలు తమంతట తామే నడిచి వెళతారు. ఏ క్షణానైనా లేచి బయటికి రావచ్చు కూడా. రారు. అందుకే దాన్ని హింస అనడం వాళ్లకు కష్టమవుతుంది. 2008లో 53 విద్యాసంస్థల్లో 11 వేలమందికి పైగా విద్యార్థులతో చేసిన జాతీయ అధ్యయనంలో, క్లబ్బుల్లో, జట్లలో, సంఘాల్లో ఉన్నవాళ్లలో 55 శాతం మందికి హేజింగ్ అనుభవం ఉందని తేలింది. అలాంటివి అనుభవించిన పదిమందిలో తొమ్మిదిమంది మాత్రం తమకు హేజింగ్ జరిగిందని అనుకోవడం లేదు. జరిగిందని గుర్తించినవాళ్లలో 95 శాతం కాలేజీ అధికారులకు ఫిర్యాదు చేయలేదు. గృహహింస మీద పనిచేసిన మీకు ఈ అంకెలు ఆశ్చర్యం కలిగించవు.

1967లో యేల్ యూనివర్సిటీలో ఒక ఫ్రెటర్నిటీ కొత్తవాళ్ల వీపు మీద కాల్చి ముద్ర వేస్తోందని విద్యార్థుల పత్రిక రాసింది. అదేమీ పెద్ద గాయం కాదు, సిగరెట్ కాల్చినంత గుర్తే అని ఆ సంఘానికి అంతకుముందు అధ్యక్షుడుగా ఉన్న విద్యార్థి పత్రికలవాళ్లకు చెప్పాడు. అతని పేరు జార్జ్ బుష్. తర్వాత ఆ దేశానికే అధ్యక్షుడయ్యాడు. తండ్రీ అదే సంఘం సభ్యుడే, ఆయనా దేశాధ్యక్షుడే. గాయాన్ని గాయం కాదని చెప్పడం నేర్చుకున్నవాడికి పైమెట్టు దొరుకుతుంది.

2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్ యూనివర్సిటీలో టిమొతీ పియాజా అనే 19 ఏళ్ల విద్యార్థి బీటా తీటా పై సంఘంలో చేరిన రాత్రే, వరసగా తాగించడంతో మెట్ల మీది నుంచి పడిపోయాడు. ఇంటినిండా 'అన్నదమ్ములు' ఉన్నారు. అంబులెన్సుకు ఫోన్ చేయడానికి వాళ్లకు దాదాపు 12 గంటలు పట్టింది. ఆ కుర్రవాడు బతకలేదు. వాళ్లంతా క్రూరులు కారు. సంఘానికి ఏమవుతుందో అన్న భయం కళ్లముందున్న మనిషి ప్రాణం కంటే పెద్దదైపోయింది. ఆ మరుసటి ఏడాది పెన్సిల్వేనియా అతని పేరు మీద చట్టం చేసింది. సాయం కోసం ఫోన్ చేసినవాళ్లకు రక్షణ కల్పించింది. 2024 డిసెంబరులో, కాలేజీలు హేజింగ్ వివరాలను బయటపెట్టి తీరాలని దేశవ్యాప్త చట్టం వచ్చింది.

ఇంకొకటి చెప్పి ఈ భాగం ముగిస్తాను, ఎందుకంటే అది మన దగ్గరికి వస్తుంది. 2013 డిసెంబరులో పై డెల్టా సై అనే ఆసియన్ అమెరికన్ ఫ్రెటర్నిటీలో చేరబోతున్న న్యూయార్క్ విద్యార్థి ఒకడు, 19 ఏళ్లవాడు, చనిపోయాడు. కళ్లకు గంతలు కట్టి, వీపు మీద బరువు పెట్టి, చీకట్లో నడవమంటారు. దారిలో సభ్యులు వచ్చి పడదోస్తారు. ఆసియా వలసదారులు అమెరికాలో మోసిన భారాన్ని కొత్తవాళ్లకు 'నేర్పించడానికి' ఆ తంతు పెట్టుకున్నారు. తమ జాతి పడిన బాధను గుర్తుచేయడానికి తమ తమ్ముణ్ణే కొట్టారు. అతను స్పృహ తప్పాక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోలేదు. సంఘం గుర్తులున్న వస్తువులు దాచే పనిలో పడ్డారు. అణచివేతను ఎదుర్కోవడానికి పెట్టుకున్న సంఘం కూడా అణచివేత భాషే మాట్లాడగలదని ఆ కేసు నాకు నేర్పింది.

మరి ఎందుకు భరిస్తారు? 1959లో అరాన్సన్, మిల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. అందులో పాల్గొన్న 63 మందీ కాలేజీ అమ్మాయిలే. ఒక చర్చా బృందంలో చేరడానికి కొందరి చేత సిగ్గుపడే మాటలు పైకి చదివించారు, మిగతావాళ్లను తేలిగ్గా చేర్చుకున్నారు. ఆ చర్చ కావాలనే చాలా విసుగు పుట్టించేలా తయారు చేసింది. ఎక్కువ అవమానం పడి చేరినవాళ్లే ఆ చర్చ బాగుందన్నారు. పడిన బాధ వృథా అని ఒప్పుకోవడం కంటే, దక్కింది గొప్పదనుకోవడం తేలిక. అత్తా ఒకింటి కోడలే అంటాం. కోడలిగా పడ్డది గుర్తుంది కాబట్టి అత్త మెత్తబడుతుందా? "మేం పడలేదా?" అంటుంది.

ఆడపిల్లలకు ఏమవుతోంది?

అమెరికాలో తాగే వయసు 21. 1984 చట్టంతో అది దేశమంతటా అమలైంది. కాలేజీల్లో చాలామంది ఆ వయసుకు తక్కువవాళ్లే. పెద్ద జాతీయ సొరోరిటీల ఇళ్లలో మద్యం నిషేధం. ఫ్రెటర్నిటీల్లో చాలావాటికి అలాంటి నిషేధం లేదు. ఫలితం? పార్టీ ఎప్పుడూ మగపిల్లల ఇంట్లోనే జరుగుతుంది. తలుపు దగ్గర ఎవరిని రానివ్వాలో వాళ్లే చూస్తారు, గ్లాసులో ఏం పోయాలో వాళ్లే చూస్తారు, ఇంటికి తిరిగి వెళ్లే బండీ వాళ్లదే. సామాజికశాస్త్రవేత్త ఎలిజబెత్ ఆర్మ్‌స్ట్రాంగ్, ఆమె సహపరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో చూపించింది ఇదే. అత్యాచారాన్ని కేవలం కొందరు చెడ్డ కుర్రవాళ్ల లెక్కలో చూస్తే సరిపోదు, ఆ చోటు ఎవరి అదుపులో ఉందో చూడాలన్నారు. ఇంతకుముందే మానవశాస్త్రవేత్త పెగీ శాండీ 95 సమాజాలను పరిశీలించి అత్యాచారం అన్నిచోట్లా ఒకేలా లేదని 1981లో రాశారు. తర్వాత తను పనిచేసే యూనివర్సిటీలోనే జరిగిన సామూహిక అత్యాచారం మీద పరిశోధించి 1990లో పుస్తకం తెచ్చారు. మగపిల్లలు ఒకరి కళ్లలో ఒకరు మగవాళ్లుగా నిలబడడానికి ఒక స్త్రీ శరీరాన్ని వాడుకున్నారన్నది ఆమె విశ్లేషణ.

దీనికి సంస్థలు చెప్పిన పరిష్కారం చూడండి. 2015 జనవరిలో వర్జీనియా యూనివర్సిటీ సొరోరిటీ సభ్యులను, ఫ్రెటర్నిటీలు కొత్తవాళ్లను చేర్చుకునే రాత్రి ఆ పార్టీలకు వెళ్లవద్దని వాళ్ల జాతీయ సంఘాలు ఆదేశించాయి. వాళ్ల భద్రత కోసమేనట! ఆ అమ్మాయిలు నిరసన తెలిపారు. ప్రమాదం ఆ ఇళ్లలో ఉంటే మమ్మల్ని గదుల్లో పెట్టడం ఏమిటని అడిగారు. అదే ఏడాది ఢిల్లీలో హాస్టల్ గేటు వేళల మీద 'పింజ్రా తోడ్' మొదలైంది. వాళ్లడిగిందీ ఈ ప్రశ్నే. డార్ట్‌మత్ కాలేజీలో సిగ్మా డెల్టా అనే సొరోరిటీ ఇంకో దారి పట్టింది. 1988లో జాతీయ సంఘం నుంచి విడిపోయి, తమ ఇంట్లో తామే పార్టీ పెట్టుకుంది. తలుపు దగ్గరా, మద్యం పోసే చోటా అమ్మాయిలే. తాగుడు మంచిదని నేను అనడం లేదు. ఆ ఇంట్లో తలుపు మూయడం, తెరవడం ఎవరి చేతిలో ఉందో చూడమంటున్నాను.

రెండో ఫోన్

ఇప్పుడు మా పిల్ల సంగతి. రెండో ఏడాది తనకు ఒక 'చెల్లెలు' ఇచ్చారు. అంటే కొత్తగా చేరే అమ్మాయికి తను అక్క, బాధ్యురాలు. ఆ కొత్త పిల్లలను వారాలపాటు రాత్రుళ్లు నిద్రపోనివ్వలేదు. గోడ వైపు తిరిగి నిలబెట్టి సంఘం చరిత్ర, స్థాపకుల పేర్లు అప్పజెప్పించారు. తప్పు చెబితే అందరికీ శిక్ష. బయటి స్నేహితులతో మాట్లాడకూడదు. అంతకుముందు ఏడాది మా పిల్లా అలాగే నిలబడిందట. నాకెప్పుడూ చెప్పలేదు. "అది కష్టం అనుకోలేదు పిన్నీ, గర్వంగా అనుకున్నాను" అంది.

ఒక రాత్రి ఆ 'చెల్లెలు' స్పృహ తప్పింది. పడుకోబెడితే సర్దుకుంటుంది, ఆసుపత్రికి తీసుకెళితే సంఘం మూతపడుతుంది అన్నారు పెద్దలు. మా పిల్ల తీసుకెళ్లింది. డాక్టరు అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ అమ్మాయి కోలుకుంది. సంఘాన్ని యూనివర్సిటీ సస్పెండ్ చేసింది. వారం తిరక్కుండా ఇరవై మంది అక్కలు పోయారు. కాఫీ తాగే చోట ఎదురుపడినా తల తిప్పుకున్నారు. చివరికి ఆ 'చెల్లెలు' కూడా "నువ్వెందుకు చెప్పావు?" అని అడిగిందట.

మా అక్క "నీకెందుకే ఆ గొడవ, చదువు చూసుకోక" అంది. నేనూ ఏం చెప్పాలో తెలియక కొంతసేపు ఊరుకున్నాను. ఎందుకంటే నాకు వేరే హాస్టల్ గుర్తుకొచ్చింది.

మా హాస్టల్

నేను డిగ్రీ చదివిన రోజులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లో వచ్చింది. మా హాస్టల్ నోటీసు బోర్డు మీద దాని కాగితం అంటించి ఉండేది. మా గదుల వరసకు ఒక పేరు పెట్టుకున్నాం, ఆ పేరంటే మాకు చాలా ప్రేమ. ఒకరికి డబ్బు రాకపోతే మిగతావాళ్లం మెస్ బిల్లు కట్టేవాళ్లం. ఒకమ్మాయికి ఇంట్లో బలవంతంగా పెళ్లి చేయబోతే అందరం వెళ్లి ఆపాం. స్త్రీవాదం చదవకముందే నాకు దాన్ని నేర్పిన చోటు అది.

ఆ వరసలోకే పల్లె నుంచి ఒక దళిత అమ్మాయి వచ్చింది. ఆమె మాట తీరును అనుకరించమని, ఆమె పెట్టె అందరి ముందూ విప్పి చూపించమని మా వాళ్లు అడిగారు. చేయి ఎవరూ చేసుకోలేదు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. మూడో రోజు రాత్రి ఆమె నా గదికి వచ్చి "అక్కా, మీరొక్కరైనా వార్డెన్‌కు చెప్పండి" అంది. సర్దుకుంటుందిలే అన్నాను. రెండు వారాల తర్వాత ఆమె హాస్టల్ వదిలి వెళ్లిపోయింది, చదువు కూడా మానేసిందని తర్వాత తెలిసింది. మా వరస మాత్రం చెక్కుచెదరలేదు. ఆ స్నేహాలు ఈ రోజుకీ ఉన్నాయి. నా మొదటి ఉద్యోగం ఆ స్నేహం వల్లే వచ్చింది. నాకు దొరికినదానికి ఖరీదు చెల్లించింది ఆమె.

2015 జులైలో గుంటూరు దగ్గర యూనివర్సిటీ హాస్టల్‌లో ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థిని ఆత్మహత్య చేసుకున్నప్పుడు మనమంతా వీధుల్లోకి వచ్చాం. నేనూ ప్లకార్డు పట్టుకున్నాను. అది పట్టుకున్నంతసేపూ నాకు ఆ పెట్టె విప్పిన అమ్మాయే కళ్లముందు మెదిలింది.

మన సంఘాల మాటేమిటి?

అందుకే లాభాలు ఒక పక్క, భారాలు ఒక పక్క రాసి తూకం వేసే పద్ధతి నాకు సరిపోదనిపిస్తుంది. అవి రెండు పద్దులు కావు. 'నువ్వు మాదానివి' అన్న మాటలోనే 'మా సంగతి బయట చెప్పవు' అన్న షరతు దాగి ఉంటుంది. షరతు ఎంత గట్టిదైతే బంధం అంత గాఢంగా అనిపిస్తుంది.

ఈ షరతు మన మహిళా సంఘాల్లో లేదా? ఉద్యమంలో పేరున్న మగ మిత్రుడి మీద ఫిర్యాదు వస్తే "ఇప్పుడు బయటపెడితే శత్రువుకు ఉపయోగపడుతుంది" అని మనం ఎన్నిసార్లు అనలేదు? సంస్థలో క్షేత్ర కార్యకర్త జీతం గురించో, ఆఫీసులో ఎదురైన కుల వివక్ష గురించో అడిగితే "మనది కుటుంబం లాంటిది కదా" అని ఎన్నిసార్లు నోరు మూయించలేదు? 1997లో విశాఖ తీర్పు, 2013లో పని ప్రదేశంలో లైంగిక వేధింపుల చట్టం వచ్చాయి. వాటిని అందరి చేతా అమలు చేయించడానికి పోరాడిన మనలో ఎన్ని సంస్థలకు పనిచేసే అంతర్గత కమిటీ ఉంది? చేతులెత్తమని అడగను. ఎవరికి వారు ఆలోచించుకుంటే చాలు.

ఒక సంఘం ఎలాంటిదో తెలుసుకోవడానికి దాని ఆశయాల పత్రం చదివితే చాలదు. నాలుగు విషయాలు చూడాలంటాను. చేరడానికి అవమానం పడాల్సి వస్తోందా? వదిలి వెళ్లినవాళ్ల గురించి ఉన్నవాళ్లు ఎలా మాట్లాడుతున్నారు? ఆపద వచ్చినప్పుడు మొదటి ఫోన్ ఆసుపత్రికి వెళుతోందా, అధ్యక్షురాలికి వెళుతోందా? అన్నిటికంటే ముఖ్యం, తప్పు జరిగిందని పైకి చెప్పిన మనిషి మరుసటి నెల సమావేశంలో కూర్చోగలుగుతోందా? ఈ చివరి ప్రశ్నకు 'అవును' అనగలిగిన సంఘం నాకు తెలిసి చాలా అరుదు.

సంఘాలు వద్దని నేను చెప్పడం లేదు. ఒంటరిగా ఉండమని ఆడపిల్లలకు చెప్పే హక్కు మనకు లేదు. 2016లో హార్వర్డ్ యూనివర్సిటీ ఆడ, మగ వేరువేరుగా ఉండే సంఘాల సభ్యుల మీద ఆంక్షలు పెట్టినప్పుడు, మగ క్లబ్బుల మీద పెట్టిన దెబ్బ మా మీద పడిందని విద్యార్థినులు వీధికెక్కారు. సొరోరిటీలు కోర్టుకు వెళ్లాయి. 2020లో యూనివర్సిటీ ఆ నియమం ఎత్తేసింది. వాళ్ల ఆవేదన నాకు అర్థమవుతుంది. మనకూ మనదైన గది కావాలి. ఆ గదిలోంచి బయటికి మాట్లాడే కిటికీ కూడా కావాలి.

మా అక్క కూతురుకు ఆ రాత్రి నేను చివరికి చెప్పింది ఒక్కటే. "నువ్వు చేసింది నేను చేయలేకపోయాను" అన్నాను. మా హాస్టల్ సంగతి మొదటిసారి తనకే చెప్పాను. తను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆవిడ ఇప్పుడెక్కడుంది పిన్నీ?" అని అడిగింది. నాకు తెలియదు. ఎప్పుడూ వెతకలేదు. ఇప్పుడు వెతుకుతున్నాను. మా వరసలోని పాత స్నేహితురాళ్లను అడిగితే ముగ్గురు "ఇప్పుడెందుకే అవన్నీ" అన్నారు. ఒకామె ఊరి పేరు గుర్తు చేసుకొని చెప్పింది. వచ్చే నెల వెళుతున్నాను.

మధ్యాహ్నం చర్చలో అమెరికా గురించి కాక మన సంఘాల గురించి మాట్లాడుకుందామని కోరుతున్నాను.